చిన్న తరగతుల పిల్లలకు హ్యాండ్‌బాల్: ముందు పట్టడం, తరువాతే విసరడం

హైదరాబాద్ గల్లీల్లో ఫుట్‌బాల్ ఆడుకునే పిల్లలను హ్యాండ్‌బాల్ అంటే ఏమిటని అడిగి చూడండి, అది ఫౌల్ పేరని చెబుతారు. బంతి ఎవరి చేతికైనా తగలగానే అందరూ ఒక్క గొంతుతో "హ్యాండ్! హ్యాండ్!" అని అరిచే కేకగానే వారికి ఆ మాట పరిచయం. చేతులతోనే ఆడవలసిన, కాలికి తగిలితే తప్పయ్యే ఆట ఒకటి అదే పేరుతో ఉందని చెప్పినప్పుడు మూడో తరగతి పిల్లల ముఖాల్లో కనిపించే ఆశ్చర్యం మొదటి రోజు పాఠానికి చాలు. ప్రాథమిక పాఠశాలల్లో చాలాచోట్ల ప్రత్యేకంగా పీఈటీ ఉండరు. తెలుగూ లెక్కలూ చెప్పే టీచరే ఆటల పీరియడ్ కూడా చూసుకోవాలి. అటువంటి టీచర్లను దృష్టిలో పెట్టుకునే ఇది రాస్తున్నాను. ఈ ఆట మీరు ఎప్పుడూ ఆడి ఉండకపోయినా ఫర్వాలేదు.

ఆట గురించి టీచరుకు తెలియవలసింది కొంచెమే. అసలు కోర్టు 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. జట్టుకు గోల్‌కీపర్‌తో కలిపి 7 మంది. గోల్ 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు ఉంటుంది. దాని ముందు 6 మీటర్ల దూరంలో వంపుగా గీసిన గీత లోపలి భాగాన్ని మన ఆటగాళ్లు 'డి' అంటారు; అందులో గోల్‌కీపర్ తప్ప ఇంకెవరూ కాలు మోపకూడదు. బంతిని చేతిలో పెట్టుకుని మూడు సెకన్లకు మించి నిలబడకూడదు, మూడు అడుగులకు మించి వేయకూడదు, మోకాలి కింది భాగంతో బంతిని ముట్టకూడదు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో దీన్ని జట్టుకు 11 మందితో ఆరుబయలు మైదానంలో ఆడారు. ఇప్పుడు మనం చూస్తున్న 7 మంది ఆట 1972 మ్యూనిక్‌లో పురుషులకు, 1976 మాంట్రియల్‌లో మహిళలకు ఒలింపిక్స్‌లో చేరింది. 2023లో జైపూర్‌లో జరిగిన ప్రీమియర్ హ్యాండ్‌బాల్ లీగ్‌లో తెలుగు టాలన్స్ అనే జట్టు కూడా ఆడింది. ఆ పేరు చెబితే పిల్లలు చెవులు నిక్కబొడుచుకుంటారు కనుక ఒకసారి చెప్పి, వెంటనే బంతి తీయాలి. చరిత్ర పాఠం ఆటల పీరియడ్‌ను తినేయకూడదు.

నేను మొదట్లో చేసిన తప్పును ముందే ఒప్పుకుంటాను. ఆట అంటే గోల్ వేయడమే కదా అనుకుని, స్టోర్ రూములో ఉన్న గట్టి బంతులను బయటికి తీసి, మొదటి రోజే పిల్లలను వరుసలో నిలబెట్టి గోల్‌లోకి విసరమన్నాను. వరుసలో ముందున్నవాడు విసురుతున్నాడు, వెనక ఇరవై మంది ఒకరినొకరు తోసుకుంటున్నారు. రెండో వారంలో నాలుగో తరగతి బాబు ఒకడు ఎదురుగా వచ్చిన బంతిని వేళ్లు చాచి ఆపబోయి బొటనవేలు వాచేలా దెబ్బ తిన్నాడు. వేలు నాలుగు రోజుల్లో తగ్గింది కానీ, ఆ తరువాత నెల రోజుల దాకా వాడు బంతి తనవైపు వస్తుంటే పక్కకు జరిగిపోయేవాడు. విసరడం పిల్లలకు మనం నేర్పకముందే ఎంతో కొంత వచ్చు. ఏడు పెంకులాట ఆడిన చెయ్యి, మామిడికాయకు రాయి వేసిన చెయ్యి దానంతట అదే లేస్తుంది. రానిది పట్టడం. బంతికి భయపడే పిల్లలు పాస్ అడగరు. పాస్ అడగనివాళ్లకు బంతి రాదు. బంతి రానివాళ్లు గీత పక్కన నిలబడి మట్టిలో బొమ్మలు గీస్తారు. అందుకే ఇక్కడ ఎక్కువ మాటలు పట్టడం మీదే ఖర్చు పెడుతున్నాను.

బంతి, గోల్, గ్రౌండ్

8 నుంచి 12 ఏళ్ల అబ్బాయిలకు, 8 నుంచి 14 ఏళ్ల అమ్మాయిలకు నియమాల ప్రకారం వాడేది 1వ నంబరు బంతి. దాని చుట్టుకొలత 50–52 సెంటీమీటర్లు, బరువు 290–330 గ్రాములు. పెద్ద పురుషులు ఆడే 3వ నంబరు బంతి 58–60 సెంటీమీటర్లు, 425–475 గ్రాములు ఉంటుంది కనుక, బడికి ఎవరైనా బంతులు దానం చేస్తామంటే నంబరు అడిగి తీసుకోవడం మంచిది. ఎల్.బి. స్టేడియం దగ్గరి ఆట వస్తువుల దుకాణాల్లో ఉత్తినే హ్యాండ్‌బాల్ అని అడిగితే ఏది చేతికొస్తే అది ఇచ్చేస్తారు. మూడో తరగతి లోపు పిల్లలకైతే 1వ నంబరు కూడా పెద్దదే. వారికి మెత్తని స్పాంజి బంతి గానీ, గాలి కాస్త తగ్గించిన పల్చని రబ్బరు బంతి గానీ ఇవ్వాలి. బంతి సరిపోయిందో లేదో చూడడానికి నేను వాడే పరీక్ష చాలా చిన్నది: చెయ్యి ముందుకు చాచి, అరచెయ్యి కిందికి పెట్టి, ఒక్క చేత్తో బంతిని పట్టుకుని మూడు లెక్కపెట్టమంటాను. ఈలోగా బంతి జారిపోతే అది ఆ చేతికి పెద్దదన్నమాట.

తరగతిలో 40 మంది ఉంటే కనీసం 15 బంతులైనా ఉండాలి, ఇద్దరికొకటి ఉంటే ఇంకా మేలు. అన్ని బంతులు కొనడం ఏ బడికైనా కష్టమే. పాత మేజోళ్ల బంతులు ఆ లోటు తీరుస్తాయి. చిరిగిన బనియన్లను, పాత చీర ముక్కలను చిన్నచిన్న పేలికలుగా చింపి ఒక మేజోడులో గట్టిగా కూరి, మూతి మెలితిప్పి, మిగిలిన భాగాన్ని దాని మీదికే తిప్పి తొడిగి, పైన ఇంకో మేజోడు వేసి, మూతిని సూదీ దారంతో కుట్టేస్తే చిన్న పంపర పనస అంత బంతి తయారవుతుంది. అది ఎగరదు, దొర్లి రోడ్డు మీదికి పోదు, కిటికీ అద్దం పగలగొట్టదు, ముఖానికి తగిలినా నొప్పి ఉండదు. మొదటి మూడు వారాలు అసలు బంతుల కంటే ఇవే నయమని నా అభిప్రాయం. ఇంటి నుంచి తలా ఒక పాత మేజోడు తెమ్మంటే మరునాటికే సంచి నిండుతుంది. ఉతికి తెమ్మని మాత్రం గట్టిగా చెప్పాలి.

నగరంలో చాలా బడుల్లో గ్రౌండ్ అంటే ఉదయం ప్రార్థన జరిగే వాకిలే. అయినా నష్టం లేదు, చిన్నపిల్లలకు అసలు కోర్టు అక్కర్లేదు. సుమారు 20 మీటర్ల పొడవు, 13 మీటర్ల వెడల్పు ఉన్న చోట గోల్‌కీపర్‌తో కలిపి జట్టుకు ఐదుగురు చొప్పున ఆడించే మినీ హ్యాండ్‌బాల్ ఈ వయసుకు తగినది. బాస్కెట్‌బాల్ కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉంటుంది కనుక, దానిలోనే రెండు వైపులా కాస్త వదిలి ముగ్గుపిండితో గీతలు గీసుకోవచ్చు. గోల్ కోసం ఇనుప చట్రాలు తెచ్చి ఊరికే నిలబెట్టవద్దు. భూమిలో పాతని, బరువు కట్టని గోల్‌పోస్టు పిల్లలు వేలాడితే మీద పడుతుంది. అది ఆటలో కెల్లా పెద్ద ప్రమాదం. ప్రహరీ గోడ మీద సుద్దతో 2.4 మీటర్ల వెడల్పు, 1.6 మీటర్ల ఎత్తు దీర్ఘచతురస్రాకారంగా గీస్తే చాలు, బంతి కూడా తిరిగి మన దగ్గరికే వస్తుంది. దాని ముందు 5 మీటర్ల దూరంలో డి గీత వేయాలి. మొరం నేల అయితే పీరియడ్‌కు ముందు పిల్లలతోనే కంకర రాళ్లు ఏరించాలి, అదే వారికి వార్మప్ అవుతుంది.

ఆడేముందు గాజులు, మెడలోని ఐడీ కార్డు తాడు, చేతి గడియారం తీయించి ఒక డబ్బాలో పెట్టించాలి. గోళ్లు చూడాలి. బూట్ల లేసులు కట్టుకోవడం రాని పిల్లలు రెండో తరగతిలో సగం మంది ఉంటారు, వారికి ఐదో తరగతి అక్కయ్యలు కట్టిపెట్టే ఏర్పాటు ముందే చేసుకుంటే మీ పది నిమిషాలు మిగులుతాయి.

పట్టడం

భయం మొదట కళ్లలో కనిపిస్తుంది. బంతి దగ్గరికి వచ్చే క్షణాన బిడ్డ తల పక్కకు తిప్పి, కళ్లు గట్టిగా మూసుకుని, రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంటే, ఆ చేతులు బంతిని పట్టడం లేదు, తోసేస్తున్నాయి. "భయపడకు" అని ఎన్నిసార్లు అన్నా లాభం లేదు. బంతి వేగం తగ్గించాలి, బంతి వచ్చే దారిని కిందికి దింపాలి.

మొదటి రోజు ఇద్దరిద్దరిని మూడు మీటర్ల దూరంలో ఎదురెదురుగా కాళ్లు చాపి కూర్చోబెట్టి బంతిని నేల మీద దొర్లించమనాలి. రెండు చేతుల చిటికెనవేళ్లు దగ్గరగా పెట్టి, అరచేతులు దోసిలిలా తెరిచి, దొర్లి వచ్చే బంతిని దోసిలిలోకి ఎక్కించుకోవాలి. రెండో మెట్టులో నిలబడి, మధ్యలో ఒక్కసారి నేలకు కొట్టి పంపాలి. నేల మీది నుంచి పైకి లేచే బంతి వేగం తగ్గి, పొట్ట ఎత్తుకు వస్తుంది. అందుకే చిన్నపిల్లలకు అది నేరుగా వచ్చే బంతి కంటే సులువు. మేజోడు బంతి ఎగరదు కనుక ఈ ఒక్క మెట్టుకు రబ్బరు బంతి కావాలి. మూడో మెట్టులో కింది నుంచి పైకి మెల్లగా, ప్రసాదం అందించినట్టు వేయాలి. నాలుగో మెట్టులోనే ఛాతీ ఎత్తుకు నేరుగా పాస్.

చేతుల అమరిక బంతి వచ్చే ఎత్తును బట్టి మారుతుంది. బంతి నడుముకు పైన వస్తే బొటనవేళ్లు రెండూ ఒకదానికొకటి దాదాపు తగిలేంత దగ్గరగా, మిగిలిన వేళ్లు విప్పి, అరచేతులు బంతికి చూపించాలి. నడుముకు కింద వస్తే తిరగేసి చిటికెనవేళ్లు దగ్గరికి రావాలి. వేళ్ల కొనలు బంతికి సూటిగా గురిపెట్టి ఉండకూడదు, నేను చెప్పిన ఆ బాబు బొటనవేలు వాచింది అందుకే. మోచేతులు కొంచెం వంచి చేతులను బంతికి ఎదురు పంపి, తగిలిన వెంటనే బంతితో పాటే వెనక్కి, ఛాతీ దగ్గరికి తెచ్చుకోవాలి. పిల్లలకు ఇదంతా వివరిస్తే అర్థం కాదు. "కోడిపిల్ల మీదికి ఎగిరి వస్తోంది, దానికి దెబ్బ తగలకుండా పట్టు బిడ్డా" అంటే చాలు, చేతులు వాటంతట అవే మెత్తబడతాయి. ఇంకో చిట్కా: పట్టిన చప్పుడు వినమనండి. 'టప్' మని వినిపిస్తే చేతులు గట్టిగా ఉన్నట్టు, ఏ చప్పుడూ రాకపోతే బాగా పట్టినట్టు. చప్పుడు లేకుండా ఎవరు పడతారో అని పోటీ పెడితే తరగతంతా నిశ్శబ్దమైపోతుంది. ప్రాథమిక పాఠశాలలో అది చిన్న విజయం కాదు.

ఒక మూడో తరగతి పాప నాకు బాగా గుర్తు. బంతి వేయగానే కళ్లు మూసుకునేది. ఏమ్మా అని అడిగితే, "నాకు బంతి కనిపిస్తలేదు సార్" అంది. కళ్లు మూసుకుంటే ఎట్ల కనిపిస్తుందమ్మా అని నేను నవ్వలేదు గానీ, ఏం చేయాలో తోచలేదు. చివరికి తెల్ల మేజోడు బంతి మీద నల్ల స్కెచ్ పెన్నుతో చుట్టూ నాలుగు అంకెలు రాసి, బంతి చేతిలో పడేలోగా ఏ అంకె కనిపించిందో చెప్పమన్నాను. మొదటి పది సార్లు ఊహించి చెప్పింది. పదకొండోసారి కళ్లు తెరిచే ఉంచి, బంతిని జారవిడిచి, "ఏడు!" అని అరిచింది. బంతి కింద పడిందన్న సంగతి ఆమె పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు. రెండు వారాల్లో అంకె చెప్పడం మానేసి బంతి పట్టడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి ఏటా కొన్ని బంతుల మీద అంకెలు రాసి పెట్టుకుంటున్నాను.

ఒకటో తరగతి పిల్లలకు ఇవన్నీ వద్దు. గాలి బుడగను కింద పడనీయకుండా చేతులతో ఎగరేస్తూ ఉంటే చాలు.

విసరడం

కుడిచేతి వాటం ఉన్నవారు ఎడమ కాలు ముందు పెట్టాలి. ఇక్కడే చాలామంది పిల్లలు తప్పుతారు. కుడి చెయ్యి విసురుతుంటే కుడి కాలే ముందుకు పోతుంది, దానితో నడుము తిరగక బంతికి బలం రాదు. లక్ష్యానికి పక్కగా నిలబెట్టి, ఎడమ భుజం గోడవైపు చూపించి, ఎడమ చేత్తో గోడను చూపమని చెప్పండి, కాళ్లు వాటంతట అవే సర్దుకుంటాయి. విసిరే చెయ్యి మోచెయ్యి భుజం ఎత్తుకు గానీ, అంతకన్నా కాస్త పైకి గానీ ఉండాలి. బంతి చెవి వెనకగా, తలకు దూరంగా ఉండాలి. మోచెయ్యి కిందికి జారితే బంతి గుండు ఎత్తి వేసినట్టు వెళ్తుంది, పైగా భుజానికీ మంచిది కాదు. నడుము ముందు తిరగాలి, భుజం తరువాత, మోచెయ్యి ఆ తరువాత, మణికట్టు చివర్న విసురుగా వంగాలి. కొరడా ఝళిపించినట్టు అంటే ఇప్పటి నగరం పిల్లలకు తెలియదు. తడిసిన తువ్వాలు విదిలించినట్టు అంటే తెలుస్తుంది.

ఎడమచేతి వాటం పిల్లల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ఎడమ చేత్తో ఇవ్వకూడదు, తినకూడదు అని ఇంట్లో పదేపదే వినివిని, ఆటలో కూడా కుడిచేత్తో విసరబోయే పిల్లలు ప్రతి తరగతిలో ఒకరిద్దరు ఉంటారు. వారు సిగ్గుపడుతూ, ఎవరూ చూడనప్పుడు చెయ్యి మారుస్తారు. హ్యాండ్‌బాల్‌లో ఎడమచేతి ఆటగాడు దొరకడం జట్టుకు అదృష్టం; కుడి అంచు నుంచి గోల్‌కు విసిరేటప్పుడు ఎడమ చేతికి దొరికినంత గోల్ కుడి చేతికి కనిపించదు. ఈ సంగతి తరగతి అందరి ముందూ, వారి అమ్మానాన్నలు వచ్చినప్పుడు వారి ముందూ చెప్పండి.

మొదట నాలుగు మీటర్ల నుంచి గోడ మీద గీసిన పెద్ద వృత్తంలోకి విసరాలి, అది కుదిరాకే దూరం పెంచాలి. బలంగా వేయమని చెప్పకండి, బలం పిల్లలు అడగకుండానే వాడతారు. ఇద్దరు ఎదురెదురుగా పాస్ ఇచ్చుకునేటప్పుడు, బంతి జారిపోతే విసిరినవారిదే తప్పని నియమం పెట్టాను. విన్నప్పుడు అది అన్యాయంగా అనిపిస్తుంది కానీ, ఏడు పెంకులాటలో ఎదుటివాడి వీపుకు కొట్టడానికి విసిరే చెయ్యి, ఎదుటివాడి చేతిలో పెట్టడానికి విసిరే చెయ్యిగా మారేది దాని వల్లే.

జంప్ షాట్ పిల్లలకు చాలా ఇష్టం. కుడిచేతివాళ్లు ఎడమ కాలి మీద ఎగిరి, గాలిలో ఉండగానే బంతి వదలాలి. బంతి వదిలాక డి లోపల కాలు మోపినా తప్పు లేదు. ఈ నియమం వినగానే అందరూ ఎగరడం మొదలుపెడతారు. నాలుగు, ఐదు తరగతులకే, మట్టి నేల మీదే, ఒక్కొక్కరికి పీరియడ్‌కు ఐదారు ఎగురుళ్లకు మించకుండా నేర్పండి. సిమెంటు నేల మీద అసలు వద్దు.

అడుగుల లెక్క

మూడు అడుగుల నియమాన్ని నోటితో చెబితే పిల్లలు మూడు గెంతులు వేస్తారు. నేల మీద సుద్దతో మూడు పాదాల గుర్తులు, ఎడమ, కుడి, ఎడమ క్రమంలో గీసి, వాటి మీద నడిపించాలి. బంతి అందుకుని "ఒకటి, రెండు, మూడు" అని తరగతంతా గట్టిగా లెక్కపెడుతుండగా మూడో గుర్తు మీద బంతి వదలాలి. ఎడమచేతివాళ్లకు కుడి, ఎడమ, కుడి అని వేరే రంగు సుద్దతో గీయండి. వారం గడిచాక గుర్తులు చెరిపేసి, నడక స్థానంలో మెల్లని పరుగు పెట్టండి. మ్యాచ్‌లో మొదట్లో నాలుగో అడుగును చూసీ చూడనట్టు వదిలేయవచ్చు. ఐదో అడుగుకు విజిల్ వేయాలి.

డ్రిబుల్‌ను, అంటే బంతిని నేలకు కొడుతూ కదలడాన్ని, నేను చివరికి వాయిదా వేస్తాను. దీనిని ఒప్పుకోని పీఈటీలు ఉన్నారు, బాస్కెట్‌బాల్ నుంచి వచ్చినవాళ్లు మరీను. కానీ డ్రిబుల్ మొదట నేర్పితే, తరగతిలో చురుకైన ఇద్దరు పిల్లలు బంతిని నేలకు కొట్టుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెత్తుతారు, మిగిలిన ముప్పై ఎనిమిది మంది వారి వెనక పరిగెత్తుతారు. డ్రిబుల్ నిషేధించిన ఆటలో బంతి కదలాలంటే పాస్ ఒక్కటే దారి. ఆ అలవాటు పడ్డాక, ఆఖరి వారాల్లో, వేళ్లతో నడుము ఎత్తున బంతిని నేలకు కొడుతూ నడవడం నేర్పితే సరిపోతుంది. ఒకసారి డ్రిబుల్ ఆపి రెండు చేతులతో పట్టుకున్నాక మళ్లీ మొదలుపెట్టకూడదని మాత్రం చెప్పండి.

అడ్డుకోవడం

ఇక్కడ మన కబడ్డీ అడ్డం వస్తుంది. కబడ్డీ చూసి పెరిగిన పిల్లలు ఎదుటివాడు దగ్గరికి రాగానే నడుము పట్టుకుంటారు, చొక్కా లాగుతారు, కాలు అడ్డం పెడతారు. హ్యాండ్‌బాల్‌లో ఎదుటివారి దారికి ముందుగా వెళ్లి ఛాతీతో నిలబడవచ్చు, చేతులు పైకెత్తి విసిరిన బంతిని అడ్డుకోవచ్చు. పట్టుకోవడం, తోయడం, లాగడం, చేతిలోని బంతిని గుంజుకోవడం తప్పు. చిన్నపిల్లలతో నేను ఇంకో నియమం పెడతాను: బంతి ఉన్నవారికి ఒక చెయ్యి చాచినంత దూరంలోనే నిలబడాలి, ఒంటికి ఒళ్లు తగలకూడదు. డి గీత వెంబడి వరుసగా గోడలా నిలబడే పద్ధతి పెద్ద తరగతులకు. ఇక్కడ ఒక్కొక్కరికి ఒక్కొక్కరిని అప్పగించి, "నీ జోడీ ఎక్కడికి పోతే నువ్వూ అక్కడికే, నీడలాగ" అంటే సరిపోతుంది. బంతి లేకుండా నీడలాట అరగంట ఆడించినా పిల్లలకు విసుగు రాదు.

గోల్‌కీపర్‌గా ఎవరినీ బలవంతంగా నిలబెట్టవద్దు. లావుగా ఉన్న బాబును గోల్‌లోకి తోయడం మన బడుల్లో పాత అలవాటు, అది మానాలి. ప్రతి మూడు నిమిషాలకు కీపర్‌ను మార్చండి, మెత్తని బంతే వాడండి, తలకు తగిలిన ప్రతి బంతికీ ఆట ఆపి, విసిరినవారిని ఒక నిమిషం బయట కూర్చోబెట్టండి. పెద్దల ఆటలోనే, మధ్యలో ఎవరూ లేనప్పుడు కీపర్ తలకు నేరుగా కొట్టినవారిని రెండు నిమిషాలు బయటికి పంపుతారు.

ఒక పీరియడ్ ఎలా సాగాలి

40 నిమిషాల పీరియడ్‌లో గ్రౌండ్‌కు వచ్చి నిలబడేసరికే ఆరేడు నిమిషాలు పోతాయి, అది లెక్కలో వేసుకోవాలి. తరువాత ఐదు నిమిషాలు బంతితోనే వార్మప్, అంటే బంతిని నడుము చుట్టూ, తల చుట్టూ తిప్పడం, పైకి ఎగరేసి ఒక చప్పట్లు కొట్టి పట్టుకోవడం, తరువాత రెండు చప్పట్లు, మూడు. ఒక్క నైపుణ్యానికి పది నిమిషాలు. మిగిలిందంతా ఆటే. మొదటి వారం నుంచే, పిల్లలకు ఏమీ రాని రోజు నుంచే చివరి పదిహేను నిమిషాలు ఆట ఉండాలి, లేకపోతే "గేమ్ ఎప్పుడు సార్?" అన్న ప్రశ్నే మీకు పాఠమంతా వినిపిస్తుంది.

గోల్‌లు లేకుండా ఆడే పది పాసుల ఆట నాకు అన్నిటికన్నా ఇష్టం. ఐదుగురు చొప్పున రెండు జట్లు, ఒక జట్టుకు చేతికి రుమాళ్లు. బంతి ఉన్న జట్టు నేలకు పడకుండా వరుసగా పది పాసులు పూర్తి చేస్తే ఒక పాయింట్. బంతి ఇచ్చినవారికే వెంటనే తిరిగి ఇస్తే లెక్కకు రాదు. బంతి పడినా, ఎదుటి జట్టు మధ్యలో పట్టినా లెక్క మళ్లీ ఒకటి నుంచి. మొదట్లో నాలుగు పాసులు దాటడమే గగనం. ఆరో వారానికి పది దాటితే, మీ తరగతి అసలు ఆటకు సిద్ధమైనట్టే.

అసలు ఆటకు దిగాక చురుకైన పిల్లలే అన్ని గోల్‌లూ వేస్తారన్న చిక్కు మిగులుతుంది. దానికి లెక్కల టీచరుకు నచ్చే ఉపాయం ఒకటుంది: జట్టు వేసిన గోల్‌ల సంఖ్యను, గోల్ వేసిన పిల్లల సంఖ్యతో గుణించాలి. ఒక్కడే 6 గోల్‌లు వేస్తే 6 × 1 = 6; ముగ్గురు కలిసి 4 వేస్తే 4 × 3 = 12. మొదటిసారి ఈ స్కోరు బోర్డు మీద రాసినప్పుడు ఆరు గోల్‌ల వీరుడు నా దగ్గరికి వచ్చి, "ఇది చీటింగ్ సార్" అన్నాడు. రెండో సగంలో మాత్రం డి గీత దగ్గర ఆగి, అప్పటిదాకా ఒక్క బంతీ ముట్టని తన జట్టువాడికి పాస్ ఇచ్చాడు. ఆ జట్టువాడు గోడ మీద గీసిన గోల్‌కు ఒక మీటరు దూరంగా వేశాడు, అది వేరే విషయం.

ఎండా వానా

మార్చి నుంచి నగరంలో ఎండ ముదురుతుంది. ఒంటిపూట బడుల రోజుల్లో ఆటను మొదటి పీరియడ్‌లోనే పెట్టించుకోవాలి, పది దాటితే గ్రౌండ్‌లోకి దింపవద్దు. ప్రతి పది నిమిషాలకు నీళ్లు తాగించాలి, దాహం వేసినప్పుడు తాగమంటే ఆటలో మునిగిన పిల్లలు తాగరు. తలనొప్పి, కళ్లు తిరగడం, చెమట ఆగిపోవడం వంటివి ఎవరిలో కనిపించినా నీడకు తీసుకెళ్లి, తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, తగ్గకపోయినా, చెమట ఆగిపోయినా వెంటనే డాక్టరుకు చూపించాలి.

జులై, ఆగస్టుల్లో చిక్కు వేరు. మొరం నేల ఎండిపోయినట్టు కనిపించినా కింద జారుడు ఉంటుంది, గోడ పక్కన నాచు పడుతుంది. ఆ వారాల్లో వరండాలోకి మారి, దొర్లించడం, చప్పుడు లేకుండా పట్టడం, అంకె చెప్పడం, గోడకు గీసిన వృత్తంలోకి మేజోడు బంతితో గురి పెట్టడం ఆడించవచ్చు. పక్క తరగతి టీచరుకు ముందే చెప్పి ఒప్పించుకోవాలి. మేజోడు బంతులు వానలో తడిస్తే పైనే ఆరుతాయి, లోపలి పేలికలు రెండు రోజుల దాకా ఆరక ముక్కవాసన వస్తాయి. వాటిని విప్పి, ఉతికి, ఎండ వచ్చిన రోజు కిటికీ ఊచలకు ఆరేసి మళ్లీ కూరడం ఐదో తరగతి పిల్లలకు అప్పగించండి. కుట్టు వేయడం మాత్రం మీరే చూసుకోండి, సూది లెక్క పెట్టుకుని.